సరస్సు మీద క్రౌడ్

కొత్త కాపురంలో వెజికి అన్నీ ముద్దుగానే ఉన్నాయి. న్ఖాటా బే కొండ మీది రెండు గదుల అద్దె ఇల్లు, పిడి ఊడిన టీ కెటిల్, కిటికీ తెరిస్తే గదిలోకి వచ్చేటంత దగ్గరగా కనిపించే మలావీ సరస్సు, అన్నిటికన్నా ముందు మవుతో అనే మొగుడు. వాళ్ళ భాషలో మవుతో అంటే కష్టాలు. "తెలిసి తెలిసి కష్టాల్ని కట్టుకున్నాను" అని తను పాఠాలు చెప్పే కాలేజీలో అందరితో అంటూ మురిసిపోయేది.

ఆ శనివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. మవుతో వరండాలో బొగ్గుల కుంపటి మీద తీపి బోండాల్లాంటి మందాసీలు వేయిస్తున్నాడు. ఒకటి గుండ్రంగా వస్తే ఒకటి చెప్పు ఆకారంలో వస్తోంది. చెప్పులన్నీ వెజి ఏరుకుని తింటూ, లాప్‌టాప్‌లో మిగిలిన చార్జింగుతో ఒక జర్నల్ రివ్యూకి పంపిన పేపర్ చదువుతోంది. దాని మీద రచయితల పేర్లు లేవు. రాసినవాళ్ళకు చదివేదెవరో తెలియదు. చదివేవాళ్ళకు రాసిందెవరో తెలియకూడదు. అచ్చయ్యేదాకా అదే పద్ధతి.

పేపర్ సరస్సు ఈగల గురించి. నీళ్ళ అడుగున పుట్టి, కోట్ల కొద్దీ ఒక్కసారే పైకి లేచి, నల్లటి పొగలా సరస్సు మీద నిలబడే ఈగలవి. గాలికి ఒడ్డుకు కొట్టుకొస్తే జనం తట్టలు ఊపి పట్టుకుంటారు, దంచి రొట్టెలు తడతారు. పేపర్లో ఆ పొగను అంతటా 'క్లౌడ్' అనే రాశారు. పదకొండో పేజీలో మాత్రం ఒక వాక్యం ఇలా ఉంది: 'తెల్లవారుతుండగా ఉత్తరాన క్రౌడ్ లేచింది. మా పడవను చూసి పక్కకు తప్పుకుంది.'

వెజి చేతిలోని మందాసీ నోటిదాకా రాకుండానే ఆగిపోయింది.

ఆ దేశంలో చాలామంది నాలుకకు ల, ర రెండూ ఒకటే. క్లౌడ్ అనబోయి క్రౌడ్ అంటారు, అన్నట్టే రాస్తారు. రెండూ నిఖార్సయిన మాటలే కనుక తప్పులు పట్టే కంప్యూటర్ కూడా కిమ్మనదు. కానీ ఈగల్ని కావాలనే క్రౌడ్ అని పిలిచే మనిషి వెజికి తెలిసి ఒక్కతే. లుసుంగు. వెజి పరిశోధన చేసిన ల్యాబులోనే ఆమె తర్వాత చేరిన పిల్ల. అప్పట్లో వెజి ఎన్నోసార్లు దిద్దబోయింది.

"క్రౌడ్ కాదే తల్లీ, క్లౌడ్. నాలుక పైకెత్తి అను."

"ఎత్తాను వెజక్కా. అయినా క్రౌడే వస్తోంది."

"పోనీ రాతలోనైనా దిద్దుకో. నవ్వుతారు."

"నవ్వనీ. ఎటు పోతోందో మేఘానికి తెలుసా? వీటికి తెలుసు. అన్నీ కూడబలుక్కుని బయల్దేరతాయి, ఎవర్నో వెతుక్కుంటూ పోయే జనంలాగా. మొదట్లో తప్పే అక్కా. ఇప్పుడు అది నా మాట."

రెండేళ్ళ కిందట మ్వేరా గాలికి లుసుంగు పడవ తిరగబడింది. సరస్సు పడవను తిరిగి ఇచ్చింది. ఆమెను ఇవ్వలేదు.

వెజి మళ్ళీ మొదటి పేజీ నుంచి చదివింది. ఈసారి ప్రతి వాక్యం ఆ పిల్ల గొంతులో వినిపించింది, ఊపిరి తీసుకునే చోట ఊపిరితో సహా. లెక్కల చివర ఒక్క ముక్క ఉంది: 'మ్వేరా వల్ల లెక్కింపు అంతటితో ఆగింది.' ఆ వాక్యం దగ్గర గొంతు మారిపోయింది. అది వేరే ఎవరో రాసింది. తెర వెలుతురుకు ఒక ఈగ వచ్చి వాలి, ఆ అక్షరాల మీద నెమ్మదిగా నడవసాగింది.

"ఏంటి డాక్టరమ్మా, దయ్యాన్ని చూసినట్టున్నావ్? మందాసీ అంత ఘోరంగా ఉందా?" అన్నాడు మవుతో.

"ఇది లుసుంగు రాసింది."

అతను గరిటె కింద పెట్టాడు. "పేర్లుండవన్నావుగా."

"పేరు లేదు. గొంతుంది."

"మరి పంపిందెవరు?"

"మా ల్యాబు పెద్ద గొండ్వే సార్ అయ్యుండాలి. దాని లెక్కలన్నీ ఆయన దగ్గరే ఉండిపోయాయి. పడవెక్కితే కడుపులో తిప్పుతుందని ఒడ్డునే కూర్చునే మనిషి. బాగుందని రాస్తే ఆయన ఒక్కడి పేరుతో అచ్చేసుకుంటాడేమో. బాగాలేదని రాస్తే అది మూడేళ్ళు పడ్డ పాట్లు కూడా దాంతోపాటే మునుగుతాయి."

"ఎడిటర్ని అడుగు."

"అడిగితే, రాసిందెవరో తెలిసిపోయిందని పేపర్ నా దగ్గర్నుంచి తీసేసుకుంటారు. ఇంకొకరికి ఇస్తారు. వాళ్ళు ఆ మాటను దిద్దించి పంపేస్తారు."

సాయంత్రానికి చార్జింగ్ అయిపోవస్తుండగా వెజి రివ్యూ ముగించింది. నీటి వేడి గురించి, పట్టికల గురించి అడగవలసినవన్నీ అడిగి, చివర్న రాసింది: 'పదకొండో పేజీలోని క్రౌడ్ అన్న మాట పొరపాటా, లేక రాసినవారు కావాలని వాడినదా?'

మవుతో భుజం మీదుగా చదివాడు. "ఇదేం ప్రశ్న?"

"దొంగైతే క్షమించమని వెంటనే దిద్దేస్తాడు. లుసుంగును ఎరిగినవాడైతే దిద్దడు."

ఆ తర్వాత వారాల తరబడి లుసుంగు ఆ ఇంట్లోనే మసిలింది. కెటిల్ కూత పెడితే వెజికి "వెజక్కా" అన్నట్టే ఉండేది. మవుతో నవ్వించబోతే సగం నవ్వి కిటికీ వైపు చూసేది.

ఒక ఉదయం దిద్దిన పేపర్, ప్రశ్నలకు జవాబులు వచ్చాయి. వెజి నిలబడే తెరిచింది. 'పరిశీలకులకు కృతజ్ఞతలు. దిద్దాం.' కింద మళ్ళీ అదే. 'కృతజ్ఞతలు. దిద్దాం.' ఆ కింద మళ్ళీ, 'దిద్దాం.' చివరి జవాబు దగ్గరికి రాగానే కుర్చీ లాక్కుని కూర్చుంది.

'పరిశీలకులకు కృతజ్ఞతలు. ఆ మాట తప్పని మేమూ చెప్పాం. మొదటి రచయిత్రి దిద్దనివ్వలేదు. ఇప్పుడు ఒప్పించడానికి ఆమె లేరు. అర్థం చెడుతుందని మిగతాచోట్ల దిద్దాం. ఆమె పడవలో కూర్చుని రాసిన ఈ ఒక్క వాక్యాన్ని ముట్టుకోలేకపోయాం. వద్దంటే తీసేస్తాం.'

'మొదటి రచయిత్రి' అన్న మాటను వెజి వేలితో తాకింది. అంటే అచ్చులో ముందుండేది లుసుంగు పేరే. ఒడ్డునే కూర్చునే గొండ్వే సార్, ఆ ఒక్క మాట దగ్గర చేయి ఆడక ఎంతసేపు కూర్చున్నాడో అనిపించింది. 'అచ్చు వేయవచ్చు' అని గుర్తు పెట్టి, కింద 'ఆ మాట ఉంచండి' అని రాసి పంపేసింది.

"వెజీ, కిటికీ వేసెయ్. క్లౌడ్ ఇటే వస్తోంది" అని వరండాలోంచి మవుతో కేకేశాడు.

"క్రౌడ్ అను."

"ఏంటీ?"

"క్రౌడ్ అనమన్నాను."

ఆమె కిటికీ వేయలేదు. నల్లటి స్తంభం నీళ్ళు వదిలి, ఒడ్డు దాటి, కొండ ఎక్కసాగింది. దారిలో ఎన్నో ఇళ్ళున్నాయి. దేని దగ్గరా ఆగకుండా తెరిచిన ఆ కిటికీ వైపే వచ్చింది. ఈసారి పక్కకు తప్పుకోలేదు కూడా.