వానపాములకు విందు

వీధిలో అందరూ ఆయన్ని ప్రొఫెసర్ అనేవారు. ఏ కాలేజీలోనూ పాఠం చెప్పలేదు గానీ, చెప్పని చోటు అదొక్కటే. నెల క్రితం మూత ఉన్న టబ్బొకటి, దాన్నిండా వానపాములు తెచ్చి, ఇక ఇంటి చెత్తంతా ఎరువేనని ఎదురింటి నుంచి చివరింటి దాకా ఉపన్యాసాలిచ్చాడు. టబ్బులో చెయ్యి మాత్రం పెట్టలేదు. మాటలు కోటలు దాటినా చేతలు గడప దాటవన్న సంగతి ఆయన భార్యకు పెళ్లైన వారానికే తెలిసింది.

ఆమె బట్టలు కుడుతుంది. మిషను ముందుగదిలోనే. కుట్టించుకునేవాళ్లంతా ఆ చుట్టుపక్కల వాళ్లే. ఇల్లు మారితే వాళ్లంతా పోయినట్టే.

ప్రొఫెసర్ వంశంలో మారు వడ్డించకుండా ఎవరినీ లేవనివ్వరు. వానపాములకూ అదే మర్యాద జరిగింది. పొద్దున తొక్కలు, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం మిగిలిన కూర, అన్నీ పైనుంచి గరిటెతో.

"పాపం, మొహమాటపడతాయేమో," అనేవాడు.

మూడు వారాలకల్లా టబ్బు కుళ్లి, కంపు మేడెక్కింది. ఇల్లు అద్దెకిచ్చి మేడ మీద ఉండే ఇంటావిడ కిందికి దిగింది.

"వచ్చే ఆదివారం మళ్లీ వచ్చి చూస్తా. ఇదే కంపుంటే ఇల్లు ఖాళీ చెయ్యండి."

ప్రొఫెసర్ ఫోనులో వీడియోలు చూస్తూ కూర్చున్నాడు. ఆయన భార్య టబ్బు ముందు కూర్చుంది. ఆమెకు ఒళ్లంతా అసహ్యం పుట్టింది, పురుగుల మీద కాదు. అడుగున చేరిన నీళ్లు వంచేసి, కుళ్లిన ముద్దను తీసి పారేసింది. బట్టల కొలతలకు కత్తిరించిన పాత పేపర్లను సన్నగా చింపి చేత్తో మట్టిలో కలిపింది. ఆ వారమంతా వాటికి మెతుకు వెయ్యనివ్వలేదు.

ఆదివారం ఇంటావిడ మూత తీసి వంగింది. తడిమట్టి వాసన తప్ప ఏమీ లేదు.

"దేనికైనా ఓ పద్ధతుంటుందండీ," అని ప్రొఫెసర్ గొంతు సవరించుకున్నాడు.

"అయితే మాకూ కాసిని ఇవ్వండి, మీ చేత్తోనే."

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. "మా ఆవిడ ఇస్తుంది లెండి."

ఆమె దోసిలితో మట్టీ పురుగులూ కలిపి తీసి ఇంటావిడ గిన్నెలో వేసింది.

"మీ ఆయనకి ఎన్ని తెలుసమ్మా!" అంది ఇంటావిడ.

"తెలుసు. అయినా ఈ పురుగులే నయమండీ. తిన్నందుకు ఏదో ఒకటి తిరిగిస్తాయి," అంది ఆమె, ఆయనకు వినపడేలాగే.

ప్రొఫెసర్ తలూపాడు. మాట ఆయనకు తెగ నచ్చింది. సాయంత్రానికల్లా దాన్ని తన మాటగా వీధంతా చెప్పేశాడు.