పక్క సీటు బ్రేకు

ఇంత చిన్న కారుకి ఇన్ని మూలలెందుకో, ఇద్దరు కూర్చుంటే మూడోవాడి గొడుగుకు చోటుండదు గానీ కింద తివాచీ పరచాలంటే మాత్రం అన్నీ ఎత్తుపల్లాలే, ఇంతకంటే మా ఆడపడుచు మెచ్చేలా బట్టలు కుట్టడం నయం, సీట్లు ఊడదీసి గోడవారగా పెట్టాం, తుప్పు తినేసిన చోట వెల్డరు కొత్త రేకు అతికించి వెళ్ళాడు, దాని మీద ఈయన నల్లరంగు పూశారు, ఇక తివాచీ వంతు నాది, ఈయన నడుము వంగదు, నా కత్తెర ఊరుకోదు, కొలతకి ఆది లేకుండా గుడ్డ కోయకూడదని కుట్టు నేర్పిన పిన్ని అనేది, అందుకే పాత తివాచీని దులిపి కొత్తదాని మీద పరిచి సుద్దముక్కతో అంచులు గీస్తున్నాను, గీస్తూ పక్క సీటు వైపు వస్తే, ఇదేమిటి, ఈ చిల్లు.

డ్రైవరు మడమ ఆనే చోట అరగడం సహజం, అక్కడ రబ్బరు ముక్క కుట్టి ఉంది కనుక చెక్కుచెదరలేదు, ఇది నా వైపు, కుడికాలు ఆనే చోట, ఎలుక కొట్టిందేమో, ఎలుక ఇంత నున్నగా కొట్టదు, చెమ్మకి కుళ్ళిందేమో, చుట్టూ గట్టిగానే ఉంది, వేలు పెట్టి తడుముతుంటే చెప్పులో నా కుడికాలి వేళ్ళు వాటంతటవే బిగుసుకున్నాయి, అవి నాకంటే ముందే గుర్తుపట్టాయి, మలుపులో ఎదురుగా లారీ, గాలికి ఎగిరి నోట్లో పడుతున్న జుట్టు, ఇంకాస్త పోనివ్వండి, ఎద్దుబండిలా ఏమిటీ నడక అంటున్న నా గొంతు, పైన నోరు అలా ప్రగల్భాలు పలుకుతుంటే డాష్‌బోర్డు కింది చీకట్లో నా కాలేమో అక్కడ లేని బ్రేకును తొక్కుతూనే ఉందన్నమాట, ఆడపడుచు ఒక్కసారి ఎక్కి కెవ్వున అరిచి దిగిపోతే మా పులిని చూసి నేర్చుకోవే అన్నారు ఈయన, అప్పటినుంచి ఈ ఇంట్లో నేను పులిని, ఆదివారం కారు బయటికి తీస్తున్నాం, ఆవిడా చూడ్డానికి వస్తోంది, ఈ చిల్లు ఈయన కంటపడితే పులి కాస్తా పిల్లి అయిపోతుంది, ఈ ముక్క కత్తిరించి పారేస్తే సరి, ఆది పాడవుతుంది, పాడైతే పాడవనీ.

ఏంటి పులిగారూ, కత్తెర పట్టుకుని ఎవర్ని పొడుద్దామని, టీ గ్లాసులతో ఈయన, గబుక్కున తివాచీ మీద కూర్చుండిపోయాను, ఏం లేదండీ, కాలు పట్టేసింది, అయ్యో, ఏ కాలు, కుడికాలేనా, అంటూనే నవ్వు, టీ ఒలికేంత నవ్వు, ఎందుకండీ ఆ నవ్వు, చాల్లే లేవోయ్, ఆ చిల్లు నేనెప్పుడో చూశా, చూసి చెప్పలేదేం, చెబితే తొక్కడం మానేస్తావు, నువ్వు మానేస్తే నేనేం చూసి నడపాలి, నీ నోరు ఇంకా పోనివ్వండి అంటే పోనిచ్చేవాణ్ణి, నీ మోకాలు బిగిసిందంటే బ్రేకు వేసేవాణ్ణి.

కోపం రావాలి, వెతికాను, దొరకలేదు, కొండ మలుపులో గొర్రెల మంద అడ్డొచ్చిన రోజు కారు ముందుగానే నెమ్మదించింది, భయపడ్డారా అని వెక్కిరించాను, అవునోయ్, కాస్త, అన్నారు, ఆ కాస్త భయం నాదే, ఇంటికొచ్చాక ఆ సంగతి అందరికీ చెప్పి నవ్వించాను కూడా, ఈయనా నవ్వారు, ఇప్పుడు టీ అందిస్తూ, నా వైపు కుట్టినట్టే నీ వైపు కూడా రబ్బరు ముక్క కుట్టుకో, ఈసారి చిల్లు పడదు అంటున్నారు, మీ చెల్లెలు అదేంటని అడిగితేనో అన్నాను, పులికి గోళ్ళు గీరుకోవడానికని చెప్తా అన్నారు, మీరు చెప్పినా చెప్తారు, లేచి చిల్లు చుట్టూ సుద్దముక్కతో గుండ్రంగా గీశాను, వంగి కారులోకి చూశాను, నా వైపు కొత్త రేకు నల్లగా మెరుస్తోంది, అక్కడ పెడలూ లేదు, తీగా లేదు, అయినా నేను తొక్కిన ప్రతిసారీ ఈ కారు ఆగింది.