జానెడు దూరం

నేను ఒక సెల్‌ఫోన్‌ని. గొప్పదాన్నేం కాదు. అద్దం ఒక ఊళ్లో, బ్యాటరీ ఇంకో ఊళ్లో తయారై ఎక్కడో కలిశాం. నెల్లూరులో ఒక కొట్టు అద్దాల బీరువాలోంచి నన్ను పెంచలయ్య కొనుక్కున్నాడు. ఆయన షేర్ ఆటో నడుపుతాడు. పొద్దున్నే పల్లెలో ఆడవాళ్లను ఎక్కించుకుని రొయ్యల ఫ్యాక్టరీ దగ్గర దింపుతాడు. మంచివాడే గానీ ఒట్టి మొండిఘటం. ఆటో నడుపుతూనే నన్ను ఎడమ భుజానికీ చెవికీ మధ్య ఇరికించి, మెడ వంచి కబుర్లు చెప్పేవాడు. ఎదురుగా లారీ వస్తుంటే చూడాల్సింది ఆయనా, నేనా?

పోయినేడు ఆయన గుండె నెమ్మదిగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. పెద్దాసుపత్రిలో ఎడమ భుజం ఎముక కింద, చర్మం లోపల ఒక చిన్న మిషను పెట్టారు. గుండె వెనకబడితే తట్టి లేపే మిషను. ఇంటికి పంపేరోజు డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది.

"ఫోను ఎడమ జేబులో పెట్టొద్దు పెంచలయ్యా. మిషనుకు జానెడు దూరంలో ఉండాలి. మాట్లాడితే కుడి చెవి. అయస్కాంతం ఉన్నదేదీ ఛాతీ దగ్గరికి రానీయొద్దు. బండి నడిపేటప్పుడైతే అసలు ఫోనే ముట్టుకోవద్దు."

"అట్టాగే మేడం" అన్నాడు. ఇవే మాటలు రాసిన కాగితం కూడా ఇచ్చిందామె. దాన్ని మడిచి ఎక్కడ పెట్టాడనుకున్నారు? నా కవరులో! నన్నేమో ఎడమ జేబులో వేసుకుని దర్జాగా బయటికి నడిచాడు. చొక్కాకు జేబు ఆ పక్కే కుడతారు కదా, పాపం ఆయనేం చేస్తాడని నేనూ సర్దుకున్నాను.

ఆ మాటలప్పుడు భార్య మస్తానమ్మ మందుల కోసం లైన్లో నిలబడి ఉంది. ఆమె చెవిన ఒక్క ముక్కా పడలేదు. మర్నాడే నాకు కొత్త కవరు కొనుక్కొచ్చింది. పుస్తకంలా తెరుచుకుంటుంది, మూస్తే టక్కున అతుక్కుంటుంది. అతికించేది అయస్కాంతమే. పాత కవరులోని కాగితం ఏ మందుల చీటీయో అనుకుని ఇందులోకి మార్చింది. దాని పక్కనే నరసింహస్వామి పటం పెట్టింది.

"స్వామి నీ గుండెకాడే ఉండాల. జేబులోంచి తీయబాకు" అంది. పెంచలయ్య కాదనలేదు. ఆ పిచ్చిప్రేమకు నేను మాత్రం ఏం వంకపెట్టగలను?

అప్పట్నుంచీ ఆయనకు ఉండుండి దడ, కళ్లు తిరగడం. నన్ను గూట్లో పెట్టి స్నానానికి పోతే బాగానే ఉండేవాడు. చొక్కా వేసుకుని నన్ను జేబులో పెట్టగానే మళ్లీ మొదలు. నాకు అర్థమైపోయింది. చెప్పడానికి నోరేదీ? పొద్దస్తమానం వాగే నోట్లో నాదంటూ ఒక్క మాట లేదే! జేబులో ఉన్నంతసేపూ భయంతో చచ్చేదాన్ని.

ఒకరోజు పొద్దున ఎనిమిదింటికి, ఆటో కాలవకట్ట మీద పోతుండగా మోగాను. మస్తానమ్మే. రోజూ అదే వేళ, అదే ప్రశ్న.

"మాత్ర మింగినావా?"

పెంచలయ్య మామూలుగానే నన్ను భుజం మీద ఇరికించాడు. తెరిచిన కవరు రెక్క వేలాడి, సరిగ్గా ఆ మిషను మీద పడింది. "ఆఁ, మింగినా..." అంటుండగానే తల వాలిపోయింది. ఆటో కట్ట దిగి తుమ్మచెట్టుకు గుద్దుకుంది. వెనక కూర్చున్న ఆదిలక్ష్మి కుడిచెయ్యి విరిగింది. ఆమె రొయ్యలు ఒలిచేది ఆ చేత్తోనే.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నా కవరు తెరిచింది. ఆమె ఇచ్చిన కాగితం, స్వామి పటం రెండూ కింద పడ్డాయి. రెక్కను కత్తెరకు ఆనించి చూసింది. అతుక్కుంది.

"ఎవరు కొన్నారిది?"

మస్తానమ్మ ముఖంలో నెత్తురుచుక్క లేదు. నోరు తెరవబోయింది.

"నేనే మేడం" అన్నాడు పెంచలయ్య మంచం మీంచి. "సందు మొదట్లోనే ఉన్నా" అంటూ నాచేత వందసార్లు అబద్ధాలు మోయించాడీ మనిషి. ఈ ఒక్కదానికి అవన్నీ మాఫీ చేసేశాను.

ఇప్పుడు ఆయన చొక్కాలకు ఎడమ జేబులు లేవు. మస్తానమ్మ కూర్చుని అన్నీ విప్పేసింది. ఆటో కదిలే ముందు నా గొంతు నొక్కి సీటు కింద డబ్బాలో పెడతాడు. ఆదిలక్ష్మి మళ్లీ పనికి వస్తోంది. ఆ చెయ్యి ఇంకా పూర్తిగా చాచలేదు. ఎక్కేముందు రోజూ అడుగుతుంది.

"ఫోను యాడుందన్నా?"

"డబ్బాలో ఉందమ్మా."

అయినా ఆయన ఛాతీ వంక ఒకసారి చూసిగానీ కూర్చోదు.

ఎనిమిదింటికి ఇప్పుడు ఎవరూ ఫోను చెయ్యరు. ఫ్యాక్టరీ దగ్గర ఆటో ఆపి, కిందికి దిగి, నన్ను కుడి చెవికి పెట్టుకుని పెంచలయ్యే చేస్తాడు. మొదటి రింగు పూర్తి కాకముందే అవతల మస్తానమ్మ ఎత్తుతుంది.

"మింగినా" అంటాడు.

ఆమె ఊపిరి పీల్చుకోవడం నాకు వినిపిస్తుంది.