లేవని గంప

నంద్యాలలో కమలాక్షమ్మ ఇంట్లో తెల్లవారగానే మొదటి పని గంప సర్దడం. కూతురు ఉమామహేశ్వరమ్మకు కాన్పై పద్దెనిమిది రోజులైంది. చంటివాడు ఎక్కడ ఏడిస్తే అక్కడే కూర్చుని పాలివ్వాలి. పాలిచ్చే మనిషిని మాటిమాటికీ లేపకూడదు. అందుకని కావలసినవన్నీ ఒక చిన్న వెదురు గంపలో పెట్టి, బాలింత పడసాలలో ఉంటే పడసాలకు, పెరట్లో ఉంటే పెరట్లోకి మోసుకుపోయేవారు. ఉతికి ఎండబెట్టిన పాతచీర గుడ్డలు, మోచేతి కింద పెట్టుకునే చిన్న దిండు, శొంఠి బెల్లం ఉండలు, వేయించిన వెల్లుల్లి, ఆముదం గిన్నె, విసనకర్ర. ఇవీ అందులో ఉండేవి.

ఆ గంప కమలాక్షమ్మ పుట్టింటి నుంచి వచ్చింది. తల్లికి కావలసినవన్నీ అందులో పడితే దూదిపింజలా లేస్తుంది. ఏదైనా తక్కువైతే బరువెక్కుతుంది. అది దాని గుణం. ఒక ఎద్దు ఎడమకు లాగుతుంది, ఇంకొకటి కుడికి లాగుతుంది; దాన్ని గురించి ఎవరూ పనిగట్టుకుని మాట్లాడుకోరు కదా. వీధిలో ఎవరింట కాన్పైనా గంపను అడిగి తీసుకుపోయేవారు, పనైపోగానే తెచ్చిచ్చేవారు.

ఆ ఏడు, యాభై ఆరులో, ఎండలు ముందే ముదిరాయి. మూడు రోజులుగా గంప బరువెక్కుతూ వచ్చి, ఆ పొద్దు అసలు లేవనే లేదు.

"ఏమయ్యా, ఒకసారి ఇట్లా రా," అని భర్తను పిలిచింది కమలాక్షమ్మ.

రామయ్య జొన్నల మూటను ఒక్కడే బండికెత్తే మనిషి. పంచె ఎగగట్టి రెండు చేతులా పట్టి లాగాడు. మెడనరాలు ఉబ్బాయి గాని గంప కదల్లేదు.

"ఏం తక్కువైందో చూడు. నా నడుమెందుకు విరగ్గొడతావు?" అన్నాడు.

కమలాక్షమ్మ ఇంకో రెండు గుడ్డలు వేసింది. వాము పొట్లం వేసింది. తమలపాకులు వేసింది. లాభం లేకపోయింది. కూతురి పాలు రోజురోజుకూ తగ్గిపోతున్నాయి. చంటివాడు రెండు గుటకలకే వదిలేసి గుక్కపట్టి ఏడుస్తున్నాడు. మొన్న వచ్చిన వియ్యపురాలు సుగుణమ్మ మొగమాటం లేకుండా చెప్పిపోయింది: "ఇరవై ఒకటో దినానికొస్తా వదినా. అప్పటికీ పాలు పడకుంటే పిల్లోన్ని ఆళ్ళగడ్డకు ఎత్తుకపోతా. మా పెద్దకోడలు బిడ్డకు పాలిస్తాండాది, వీన్నీ దాని దగ్గరే వేస్తా."

ఇక మూడు రోజులే ఉన్నాయి.

పక్కింటి మస్తాన్‌బీ మజ్జిగకొచ్చి గడపలో నిలబడింది. "ఏందక్కా, పొద్దున్నే గంపతో కుస్తీ పడతాండారు?" అంటూ లోపలికి తొంగిచూసింది. "మా కోడలికి తీసుకపోయినప్పుడు ఇందులో నీళ్ళచెంబు పెట్టినాం. చిటికెనవేలితో లేసె. చెంబేదీ?"

"మాలో బాలింతకు నీళ్ళియ్యం మస్తాన్‌బీ. అన్నంలోకి ఒక గుక్క, అంతే. తల్లి తాగితే బిడ్డకు జలుబు దిగుతుంది."

"మీ పద్ధతి నాకు తెలుసులే అక్కా. గంపకు తెలీదు, ఏం చేస్తావు?"

మంచం మీది నుంచి ఉమామహేశ్వరమ్మ అందుకుంది. "పద్దెనిమిది దినాలుగా అడుగుతాండా. నాలిక పిడచగట్టింది. నేనేమన్నా నెయ్యి అడిగినానా, నీళ్ళే గదమ్మా!"

"నోరు ముయ్యి! నువ్వు తాగితే, వానికేమన్నా అయితే?" అని అరిచింది కమలాక్షమ్మ. గంప పక్కనే కూలబడింది.

"నేను తాగినానే. నీకంటే ముందు పుట్టినోడు... ఓపలేక ఒకనాడు కడవలో చెంబు ముంచుకొని ఒక గుక్క తాగినా. మీ అవ్వ, మా అత్త, చూసింది. పది దినాలకు వాడు ఒళ్ళంతా ఎండిపోయి పోయినాడు. నీ గుక్కే వాన్ని మింగిందనింది."

ఉమామహేశ్వరమ్మకు ఈ సంగతి తెలీదు. మంచం మీద లేచి కూర్చుని అడిగింది. "గంప లేదా అప్పుడు?"

"ఉన్నింది. మీ నాయనా మీ చిన్నాయనా ఇద్దరూ పట్టినా లేవలేదు. మీ అవ్వ దాన్ని మూలకు తోయించింది."

చెప్పిన మాట చెప్పినామెకే వినబడినట్టుంది.

"అవును," అన్నాడు రామయ్య. "అప్పుడూ లేవలేదు."

కమలాక్షమ్మ గంప అంచు పట్టుకుంది. తను తాగడమే తప్పనుకుని ఇరవై ఆరేండ్లు బతికింది. గంప అప్పుడు అడిగిందీ ఆ నీళ్ళే. ఆ ఒక్క గుక్క చాల్లేదు.

లేచింది. కడవలో చెంబు ముంచి గుడ్డల పక్కన పెట్టింది. గంప దానంతట అదే లేస్తున్నట్టు చేతికి వచ్చింది. ఉమామహేశ్వరమ్మ చెంబు దించకుండా తాగింది. ఇంకో చెంబు అడిగి తాగింది. మస్తాన్‌బీ మజ్జిగ మాట మర్చిపోయి, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఇరవై ఒకటో రోజు సుగుణమ్మ ఆళ్ళగడ్డ బస్సు దిగి, పిల్లవాణ్ణి చుట్టుకుపోవడానికి కొత్త దుప్పటితో వచ్చింది. వాడు తల్లి ఒళ్ళో ఉన్నాడు. గుటకలు గడపదాకా వినబడుతున్నాయి. ఆమె దుప్పటి మంచం మీద పెట్టి, వంగి, వాడి పెదవి పక్కన కారిన పాలు వేలితో తుడిచింది.

"దుప్పటి ఈడనే ఉండనీలే," అంది. "పేరు నువ్వే చెప్పు వదినా. నీ చేతిలో బతికినోడు."

కమలాక్షమ్మ చంటివాడి చెవి దగ్గరికి వంగింది. ఇరవై ఆరేండ్లుగా ఆ ఇంట్లో ఎవరూ పలకని పేరు ఒకటుంది.

"మద్దిలేటీ," అని పిలిచింది.

వాకిట్లో చెప్పులు తొడుక్కుంటున్న రామయ్య గిరుక్కున వెనక్కి తిరిగాడు.