తొమ్మిదో పేజీ

"కామా," అన్నారు మాస్టారు. నూట పది తలలు వంగి కామా పెట్టాయి.

చాటుగా పిల్లలు ఆయన్ని కామా మాస్టారనే అంటారు. ముప్ఫై ఒక్కేళ్లుగా ఇదే గదిలో నిలబడి, నేలలో నీరు ఎలా ఇంకుతుందో చెబుతున్నారు. చెప్పడమంటే చదవడమే. ఉద్యోగంలో చేరిన ఏడాది రాసుకున్న నోట్సు అది. గుప్పెడు మట్టి తెచ్చి చూపించిన పాపాన పోలేదు. మొదట్లో ఒకరిద్దరు చెయ్యెత్తేవారు. "ముందు సిలబస్ అవనివ్వండి, సందేహాలు తర్వాత," అనేవారు. ఆ 'తర్వాత' ఏ ఏడూ రాలేదు.

ఈ రోజుతో రిటైర్‌మెంట్. పొద్దున క్యారేజీ చేతికిస్తూ భార్య అంది: "ఇవాళైనా ఆ కాగితాలు పక్కన పెట్టి పిల్లలతో నాలుగు మాటలు మాట్లాడకూడదూ?"

"వాళ్లేమైనా అడిగితే కదా," అన్నారు. అన్నారేగానీ, ఒక్కరంటే ఒక్కరు ఏదైనా అడిగితే బాగుండునని దారి పొడవునా అనిపించింది.

తీరా క్లాసులో ధైర్యం చాలక నోట్సే తీశారు. మోకాళ్లు పీకుతున్నాయి, గొంతు బొంగురుపోయింది. తొమ్మిదో పేజీ అయ్యాక కాగితం తిప్పడం మరిచి, మళ్లీ అదే అందుకున్నారు. నాలుగు వాక్యాలు పోయాక గానీ తెలిసిరాలేదు. ఎవరో ఒకరు ఆపుతారు, ఆపనీ అని కావాలనే చదువుతూ పోయారు. మూడో బెంచీ అమ్మాయి పెన్ను ఆపి తలెత్తింది. మాస్టారు చదవడం నెమ్మదించారు. పక్క పిల్ల మోచేత్తో పొడవగానే అమ్మాయి మళ్లీ తల వంచేసింది.

పేజీ చివరిదాకా అందరూ రాశారు.

"ఏమైనా సందేహాలున్నాయా?" ఇన్నేళ్లలో మొదటిసారి అడిగారు.

"ఇది పరీక్షకి వస్తుందా సార్?" అంది వెనక నుంచి ఒక గొంతు.

"వస్తుంది నాయనా."

బెల్లు కొట్టగానే గది ఖాళీ అయింది. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. పిల్లల్ని అనుకుని ఏం లాభం, నోరు మెదపకుండా రాసుకోవడం నేర్పింది తనే. కాగితాలు చెత్తబుట్టలో వేసి, ఫ్యాను ఆపి, మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోయారు.

మూడో బెంచీ మీద ఎవరిదో నోట్‌బుక్ ఉండిపోయింది. తొమ్మిదో పేజీ అందులో పొందిగ్గా రెండుసార్లు ఉంది. రెండోదాని పక్కన పెన్సిలుతో, "ఇది అయిపోయింది కదా, సార్‌ని అడగనా?" అని ఉంది; దాని కింద ఇంకో చేతిరాతలో, "ఎందుకొచ్చిన గొడవ, రాసెయ్."