చిన్న అంకె తారు

తారు నాకు కొత్త కాదు. పాకాల దగ్గరి తారు ప్లాంటులో ఒకప్పుడు పదహారేళ్లు పనిచేశాను. చుక్క తారును నీళ్లలో చల్లార్చి బొటనవేలి గోరు గుచ్చితే చాలు, ఎంత గట్టిదో చెప్పేవాణ్ణి. "దామోదరం గోరు చూసిందా?" అని అడిగాకే ఇంజనీర్లు సంతకం పెట్టేవారు. తర్వాత ఇరవై ఏళ్లు దాణా కొట్టు నడుపుకుని, ఈ నెలలోనే మళ్లీ పనిలో చేరాను.

ఆ రోజు పుత్తూరు రోడ్డు మలుపుకు తారు పంపాలి. బస్సులు బ్రేకులు వేసే చోటు. మెత్తటిది వేస్తే ఎండకు తారు పైకి తేలి బండ్లు జారతాయి. మా అమ్మాయి మోహన రోజూ స్కూటీ మీద వచ్చే దారి అదే. గట్టిదే వేయాలని నా పట్టు.

రెండు ట్యాంకులున్నాయి. ఒకదాని మీద వీజీ-10, రెండోదాని మీద వీజీ-30 అని రాసుంది. మా కాలంలో అంకె అంటే పరీక్షలో సూది తారులోకి ఎంత లోతుకు దిగిందన్నది. అంకె చిన్నదైతే తారు గట్టిది. ఆ లెక్కన పదే గట్టిది కావాలి. కానీ గోరు పదిలో సులువుగా దిగిపోయింది, ముప్పైలో మొరాయించింది. మళ్లీ గుచ్చాను. అదే వరస. పేర్లు తారుమారుగా రాశారా? నా గోరే మొద్దుబారిందా? ఏమీ పాలుపోలేదు.

"ఏ వాల్వు తిప్పాలప్పా?" అని ఆపరేటర్ సుభాన్ బాషా అడిగాడు. ల్యాబు అమ్మాయి రూపశ్రీ తిరుపతి పోయింది. ఫోను చేసి అడగొచ్చు. ఇంత అనుభవం పెట్టుకుని చిన్నపిల్లను అడగడమేమిటని సిగ్గేసింది.

"పదిది తిప్పు" అన్నాను.

మధ్యాహ్నం రూపశ్రీ వచ్చి విని, తల పట్టుకుంది.

"ఇప్పుడు సూది లెక్క లేదు మామా. తారు ఎంత చిక్కగా ఉండాదో ఈ అంకె సెప్తాది. పెద్దదయ్యేకొద్దీ గట్టి."

అప్పటికే మలుపులో ఆ తారు కలిపిన కంకర ఒక లారీ పరిచేశారు. ఫోనులో ఇంజనీరుకు నా తప్పేనని చెప్పి, బండెక్కి అక్కడికి పోయాను.

సాయంత్రం జేసీబీ రోడ్డును గీకుతుంటే బండ్లు ఆపుతూ నిలబడ్డాను. మోహన స్కూటీ ఆపింది.

"ఏంది నాయనా, పొద్దున ఏసిన రోడ్డు అప్పుడే తవ్వేస్తాండారే? తప్పు యాడ జరిగింది?"

నల్లబడ్డ బొటనవేలు చూపించాను.

"ఇది నిజమే సెప్పింది మ్మా. నేనే నమ్మలేదు."