సొంతవాక్యం

పద్నాలుగో పుస్తకం దిద్దుతూ టీచరు ముసిముసిగా నవ్వుకుంది. 'అలవాటు' అన్న మాటకి "మా తాతకి గురక అలవాటు, మాకు మేలుకోవడం అలవాటు" అని ఉంది. పక్కన ఎర్ర సిరాతో 'బాగుంది' అని రాసింది.

ఇరవై ఆరేళ్ళుగా ఆమెది మూడో తరగతే. అదే గది, అదే కుంటి బల్ల, సుద్దపొడికి పగిలిన అవే వేళ్ళు. రోజూ బోర్డు మీద అయిదు మాటలు రాసేది. పిల్లలు వాటితో సొంతవాక్యాలు రాసేవారు. అక్క ఇంట్లో వెనకగదిలో ఒంటరిగా కాలం వెళ్ళదీసే ఆమెకి లోకుల సంసారాలన్నీ ఆ వాక్యాల్లోనే తెలిసేవి. ఎవరింట్లో పాపాయి పుట్టిందో, ఎవరి అమ్మానాన్నలకి మాటల్లేవో. చదివి, కడుపులో పెట్టుకునేది.

తర్వాతి పుస్తకం కిటికీ పక్కన కూర్చునే బక్కపిల్లది. తండ్రి పోయాక తల్లితోపాటు బాబాయి పంచన ఉంటోంది. 'దాచు' అన్న మాటకి "బాబాయి కొట్టిన దెబలు అమ్మ పౌడరు రాసి దాచింది" అని రాసింది. టీచరు 'దెబలు' కింద వత్తు పెట్టింది. 'బాగుంది' అని కూడా రాసేసింది. ఇంకో పుస్తకం తెరిచాక గానీ తను ఏం చదివిందో తట్టలేదు.

పిల్లని దగ్గరికి పిలిచింది. మెడ మీద పౌడరు చెమటకి చారలు కట్టింది. దాని కింద నల్లగా కమిలి ఉంది.

"ఇది నిజంగా జరిగిందా, తల్లీ?"

"సొంతవాక్యమే రాయమన్నారు కదా, టీచర్," అంది పిల్ల బిక్కమొహం వేసి.

టీచరు పుస్తకం పట్టుకుని పెద్ద టీచరు గదికి పరుగెత్తింది.

"పిల్లలు సవాలక్ష రాస్తారమ్మా. వాళ్ళింటికి ఫోన్ చేసి కనుక్కుంటాను."

"ఇంటికి మాత్రం వద్దండీ! ఇంకెవరికైనా చెబుదాం."

అప్పటికే పెద్ద టీచరు ఫోన్ అందుకుంది.

మధ్యాహ్నం పిల్లలు అన్నాలకి కూర్చోగానే బాబాయి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తీయని మాట. "కథలల్లడంలో దీన్ని మించినవాళ్ళు లేరండీ," అని నవ్వి, పిల్ల జబ్బ పట్టుకుని లేపాడు. "రేపట్నుంచి వేరే బడికి పంపిస్తాం."

టీచరు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఇన్నేళ్ళు మాటలు నేర్పిన మనిషికి ఆ క్షణాన ఒక్కటే మాట పెగిలింది.

"కనీసం అన్నమైనా తిననివ్వండి."

"ఇంట్లో తింటుంది లెండి."

ఆమె పక్కకి జరిగింది. ఎందుకు జరిగిందో ఆమెకే తెలియదు. పిల్ల వెనక్కి తిరిగి చూడలేదు. ఆమె గేటు దాకా వెళ్ళేసరికి వాళ్ళు మలుపు తిరిగిపోయారు.

టీచరు గదిలోకి వచ్చింది. పిల్లలంతా ఆమె మొహంలోకే చూస్తున్నారు. కిటికీ పక్కన బెంచీ మీద మూత తీసిన డబ్బా ఉంది. అందులో అన్నం మధ్య చిన్న గుంట, ఒక్క ముద్ద తీసినంత.